ఇంజనుకి నిప్పురవ్వ ఎక్కణ్ణుంచి వస్తుంది?

 

గోదావరి డెల్టాలో దాళ్వా కోతలు అయిపోయాయి. కాలువలు కట్టేశారు. మళ్లీ సార్వాకి నీళ్లు వదిలేదాకా చేలో పని తక్కువ. పాకలో ఓ మూల పెట్టిన ఇంజన్లని బయటికి తీసి చూసుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. అందుకే ఇవాళ పాత ట్రాక్టర్ల గురించి, పాత నీటి ఇంజన్ల గురించి మాట్లాడదామని వచ్చాను. అందులోనూ ఒక్కటే విషయం. ఇంజను లోపల పెట్రోలుని, కిరసనాయిల్ని అంటించే నిప్పురవ్వ ఉంది చూశారూ, అది ఎక్కడ పుడుతుంది? బ్యాటరీ నుంచి వస్తుందా? మ్యాగ్నెటో నుంచి వస్తుందా? ఈ సంగతి తెలిస్తే, ఇంజను మొరాయించినప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా తెలుస్తుంది. నా మటుకు ఆ రెండోదే ఎక్కువ ముఖ్యం.

ముందుగా ఒక అనుమానం తీర్చాలి. "మా ట్రాక్టరుకి అసలు ప్లగ్గే లేదు కదండీ" అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. నిజమే. మీ ట్రాక్టరు డీజిలుది. డీజిలు ఇంజనులో రవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీ మన దేశంలో మొదటి ట్రాక్టరు తయారుచేసింది. అప్పట్నించి ఇక్కడ తయారై మన చేలల్లో దిగినవి దాదాపు అన్నీ డీజిలు బళ్లే. వాటికి బ్యాటరీ ఎందుకంటే, సెల్ఫ్ కొట్టడానికి, లైట్లకి. పాతకాలం డీజిలు ట్రాక్టరుని నలుగురు కలిసి తోసి, గేరులో వేసి లేపితే చాలు, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా పొద్దస్తమానం దమ్ము చేస్తుంది. కాబట్టి డీజిలు వారికి ఇవాళ్టి మాటలు ట్రాక్టరు మీద కాదు, ఇంట్లో ఉన్న చిన్న ఇంజన్ల మీద పనికొస్తాయి.

ఎందుకంటే ప్లగ్గున్న ఇంజన్లు మన డెల్టాలో ఎక్కడికీ పోలేదు. లంకల్లో కూరగాయల మడులకి నీళ్లు తోడే కిరసనాయిలు ఇంజనుకి ప్లగ్గుంది. కడియం నర్సరీల్లో వీపుకి తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయరుకి ప్లగ్గుంది. కోనసీమ కొబ్బరితోటల్లో గడ్డి కోసే మిషనుకి ప్లగ్గుంది. పాత మోపెడ్‌కి ప్లగ్గుంది. వీటన్నిటిలోనూ రవ్వ పుట్టించేది మ్యాగ్నెటో జాతిదే. అందుకని పాత ట్రాక్టరు దగ్గర నేర్చుకున్న పాఠం ఇవాళ మీ ఇంట్లోనే అక్కరకొస్తుంది.

ఇక పాత ట్రాక్టర్ల మాటకొద్దాం. రెండు బళ్లని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఒకటి ఫోర్డ్‌సన్. 1929 నుంచి 1945 దాకా చేసిన ఫోర్డ్‌సన్ ఎన్ అనే మోడలుకి రవ్వ మ్యాగ్నెటోది. ముందుకెళ్లి హ్యాండిలు తిప్పాలి, ఇంజను లేవాలి. రవ్వ కోసం బ్యాటరీ అక్కర్లేదు. రెండోది ఫెర్గూసన్, టీఈ 20. చిన్నది, బూడిదరంగుది. 1946 నుంచి 1956 దాకా 5 లక్షలకి పైగా చేశారు. దీనికి బ్యాటరీ, కాయిల్, రవ్వని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటరు. కూర్చున్నచోటి నుంచే సెల్ఫ్ కొట్టొచ్చు. పదిహేను, ఇరవై ఏళ్ల తేడాలో వచ్చిన రెండు బళ్లు. రెండింటి స్వభావం వేరు. రెండింటికీ వచ్చే రోగాలూ వేరే.

ఈ రెండు పద్ధతులూ ఎలా వచ్చాయో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీలో పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో ఎక్కువ వోల్టేజీ ఇచ్చే మ్యాగ్నెటో తయారుచేశాడు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే పద్ధతి తెచ్చాడు. అది 1910 మోడలు కాడిలాక్ కార్లలో వచ్చింది. రెండేళ్లకి అదే కార్లకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. సెల్ఫ్ పెట్టాక బ్యాటరీ ఎలాగూ ఉండాల్సిందే. బ్యాటరీ ఉన్నాక రవ్వ కూడా దాంతోనే తెప్పించుకుంటే పోలా అనుకున్నారు. కార్లు అలా తొందరగా మారిపోయాయి. చేలో తిరిగే బళ్లు మాత్రం చాలాకాలం మ్యాగ్నెటోని వదల్లేదు. ఎందుకు వదల్లేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఊళ్లో నీళ్ల ట్యాంకు ఉంటుంది. వీధిలో చేతిపంపు ఉంటుంది. ట్యాంకులోకి నీళ్లు ముందే ఎక్కించి పెడతారు. కుళాయి తిప్పగానే ధారగా వస్తాయి. మీరు నిదానంగా తిప్పినా, గబుక్కున తిప్పినా ధార ఒకటే. కానీ ట్యాంకు ఖాళీ అయితే చుక్క రాదు. బ్యాటరీ అంతే. చేతిపంపు దగ్గర నిల్వ అంటూ ఏమీ లేదు. మీరు కొడితేనే నీళ్లు. గట్టిగా కొడితే బాగా వస్తాయి, మెల్లిగా కొడితే సన్నగా వస్తాయి. ఊరంతా కరెంటు పోయినా, ట్యాంకు ఎండిపోయినా, చేతిపంపు మాత్రం పనిచేస్తుంది. మ్యాగ్నెటో అంతే. ఇంజను తిరిగితేనే దానికి కరెంటు పుడుతుంది. బ్యాటరీ నిల్వ పెట్టుకున్న కరెంటు. మ్యాగ్నెటో అప్పటికప్పుడు పుట్టించుకునే కరెంటు. ఈ ఒక్క మాట పట్టుకోండి. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

లోపల జరిగేది చెబుతాను వినండి. ప్లగ్గు దగ్గర రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. 10 వేలు, 15 వేలు. బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులో, 12 వోల్టులో. మరి అన్ని వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కాయిల్ నుంచి వస్తాయి. కాయిల్లో ఒక ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని చుట్లు, సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. పాయింట్లు, అంటే ఇంజను తిరుగుతుంటే కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు ముక్కలు, కలిసి ఉన్నంతసేపు లావు తీగలో కరెంటు పారుతుంది. ఇనుప కడ్డీ చుట్టూ అయస్కాంత శక్తి నిండుతుంది. పాయింట్లు టక్కున విడిపోయాయనుకోండి, ఆ శక్తి ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలడంలో సన్న తీగలో వేల వోల్టులు పుడతాయి. అవి ప్లగ్గు కొస దగ్గర రవ్వయి దూకుతాయి. ఇది బ్యాటరీ పద్ధతి.

మ్యాగ్నెటోలోనూ ఇవే తీగలు, ఇవే పాయింట్లు, పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సరూ అదే. తేడా ఒక్కటే. లావు తీగకి కరెంటు ఇచ్చేది బ్యాటరీ కాదు, తిరిగే అయస్కాంతం. కొన్నిటిలో అయస్కాంతం కదలకుండా ఉంటుంది, దాని మధ్య తీగచుట్ట తిరుగుతుంది. చిన్న ఇంజన్లలో అయితే అయస్కాంతాన్ని ఫ్లైవీలులోనే బిగించి ఉంటారు. ఏదైనా ఒకటే. తిరిగితే కరెంటు, ఆగితే లేదు.

ఇంజను లేపే సమయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనిషి హ్యాండిలు ఎంత బలంగా తిప్పినా ఇంజను మెల్లిగానే తిరుగుతుంది. బ్యాటరీ బండికి దాంతో ఇబ్బంది లేదు. నిల్వ ఉంది కనుక మొదటి రవ్వే గట్టి రవ్వ. మ్యాగ్నెటోకి ఇబ్బంది. మెల్లిగా తిరిగితే రవ్వ పలచన. అందుకని పాతకాలపు ఇంజనీర్లు ఓ ఉపాయం చేశారు. మ్యాగ్నెటో షాఫ్టు మొదట్లో ఒక స్ప్రింగు, రెండు చిన్న కొక్కేలు పెట్టారు. దాన్ని ఇంపల్స్ కప్లింగ్ అంటారు. హ్యాండిలు తిప్పుతుంటే కొక్కెం పట్టుకుని అయస్కాంతాన్ని ఆపుతుంది. స్ప్రింగు బిగుసుకుంటుంది. పిస్టను పైకి రాగానే కొక్కెం వదిలేస్తుంది. అయస్కాంతం ఒక్కసారిగా విసురుగా తిరుగుతుంది. టక్ మని శబ్దం వస్తుంది. మీ చెయ్యి ఎంత మెల్లిగా తిప్పినా ఆ క్షణంలో అయస్కాంతం వేగంగానే తిరిగింది కనుక రవ్వ గట్టిగా పడుతుంది.

పాత మ్యాగ్నెటో ట్రాక్టరు దగ్గర నిలబడి హ్యాండిలు మెల్లిగా తిప్పి చూడండి. ఆ టక్ టక్ శబ్దం చెవికి స్పష్టంగా వినపడాలి. ఇంజను లేచి వేగం అందుకోగానే శబ్దం ఆగిపోతుంది. కొక్కేలు ఆ విసురుకి పక్కకి తొలిగి ఊరుకుంటాయి. తిప్పేటప్పుడు శబ్దం రాలేదంటే కొక్కేలు జిడ్డులో ఇరుక్కున్నాయని అర్థం. ఏళ్ల తరబడి నిలబడిన బండిలో పాత ఆయిలు ముద్ద కడుతుంది. అప్పుడు మ్యాగ్నెటో పాడైందని కొత్తదాని కోసం పరిగెత్తకండి. ఆ కప్లింగు విప్పించి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క పలచని ఆయిలు వేసి చూడండి. చాలాసార్లు అంతటితో బాగవుతుంది. ఆ కప్లింగుతో ఇంకో లాభం కూడా ఉంది. రవ్వ కాస్త ఆలస్యంగా పడుతుంది కనుక హ్యాండిలు ఎదురు కొట్టే ప్రమాదం తగ్గుతుంది. తగ్గుతుందన్నాను, పోతుందనలేదు. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచండి. చుట్టూ బిగించి పట్టుకోకండి. కిందనుంచి పైకి లాగండి. మీద పడి కిందికి నొక్కకండి. పూర్వం మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు స్విచ్చి సంగతి. ఈ ప్రసంగంలో ఏదైనా ఒక్కటి గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి. బ్యాటరీ ఇంజనుని ఆపాలంటే స్విచ్చి కరెంటుని తెంపుతుంది. మ్యాగ్నెటో ఇంజనుని ఆపాలంటే స్విచ్చి కరెంటుని ఇంజను బాడీకి కలుపుతుంది, అంటే ఎర్త్ చేస్తుంది. ఒకటి తెంపుతుంది, ఇంకోటి కలుపుతుంది. పని పూర్తిగా తిరగబడి ఉంది. మ్యాగ్నెటోలో కరెంటు పుట్టకుండా ఎవరూ ఆపలేరు. అది తిరిగినంతసేపు పుడుతూనే ఉంటుంది. అందుకే దాన్ని బాడీలోకి మళ్లించేసి, ప్లగ్గు దాకా పోకుండా చేస్తారు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. బ్యాటరీ బండిలో స్విచ్చి వైరు తెగిందనుకోండి. ఇంజను ఆగిపోతుంది. మళ్లీ లేవదు. మ్యాగ్నెటో ఇంజనులో స్విచ్చి వైరు తెగిందనుకోండి. ఇంజను ఆగనే ఆగదు. స్విచ్చి ఆఫ్‌లో ఉంటుంది, ఇంజను మాత్రం బతికే ఉంటుంది. అదే వైరు తెగకుండా, తొక్క ఊడి బాడీకి తగిలిందనుకోండి. ఇంజను లేవదు. స్విచ్చి ఆన్‌లోనే ఉంటుంది, రవ్వ మాత్రం రాదు.

ఈ చివరిది లంకల్లో చాలా చోట్ల చూశాను. రాజమండ్రికి ఎదురుగా ఒక లంకలో వంగతోటకి నీళ్లు పెట్టే ఇంజను. నిన్న ఆడింది, ఇవాళ ఆడటం లేదు. ఆ రైతు ప్లగ్గు మార్చాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. తాడు లాగి లాగి భుజం పట్టేసింది. నేను ట్యాంకు కింద చెయ్యి పెట్టి సన్నటి నల్ల వైరుని తడుముతూ వెళ్లాను. ఇంజను అదురుకి ఆ వైరు ఒక ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని ఓ చోట తొక్క అరిగిపోయింది. లోపల రాగి మెరుస్తోంది. అది పట్టీకి ఆనుకుని ఉంది. స్విచ్చి ఆఫ్ చేసినట్టే లెక్క. కాస్త టేపు చుట్టి, వైరుని పట్టీకి దూరంగా కట్టాం. రెండో లాగుకే ఇంజను లేచింది. కొత్త కాయిల్ కోసం డబ్బు ఖర్చుపెట్టాల్సిన పనే లేదు.

కాబట్టి మ్యాగ్నెటో ఇంజనుకి రవ్వ రాకపోతే మొదటి పని ఇదీ. మ్యాగ్నెటో నుంచి స్విచ్చికి వెళ్లే ఆ సన్న వైరుని మ్యాగ్నెటో దగ్గర పీకేయండి. పీకేసి మళ్లీ రవ్వ చూడండి. ఇప్పుడు వస్తోందా? అయితే మ్యాగ్నెటో బాగానే ఉంది. తప్పు వైరుదో, స్విచ్చిదో. ఇప్పటికీ రావడం లేదా? అప్పుడు పాయింట్లు, కండెన్సరు, కాయిల్ వైపు వెళ్లండి. ఆ వైరు పీకేసినప్పుడు ఇంజను లేస్తే స్విచ్చితో ఆగదని మాత్రం మరిచిపోకండి. పెట్రోలు కాక్ కట్టేసి ఆపండి. తనిఖీ అవగానే వైరు మళ్లీ తగిలించేయండి.

బ్యాటరీ బండికి రవ్వ రాకపోతే దారి వేరు. ముందు బ్యాటరీ దగ్గరికే వెళ్లండి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత పట్టిందా? విప్పి, వేడినీళ్లతో కడిగి, మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బిగువుగా ఉందా చూడండి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు 12.6 దాకా చూపిస్తుంది. 12.2కి దిగితే సగమే ఉన్నట్టు. 12కి దిగిందంటే దాదాపు అడుగంటింది. సెల్ఫ్ కొడితే ఇంకా దిగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ కాయిల్‌కి మిగిలేది ఏమీ ఉండదు, రవ్వ పడదు. ఇలాంటప్పుడు సెల్ఫ్ మానేసి హ్యాండిలు తిప్పితే ఒక్కోసారి లేస్తుంది. ఉన్న కాస్త కరెంటూ కాయిల్‌కే పోతుంది కనుక.

బ్యాటరీ బండి ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఇంజను ఆడకుండా స్విచ్చి ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు కలిసి ఉన్నచోట ఇంజను ఆగి ఉంటే, కాయిల్లో కరెంటు అలా పారుతూనే ఉంటుంది. కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు మాడతాయి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. పిల్లలు సీటెక్కి ఆడుకుంటూ తాళం తిప్పేసి దిగిపోతారు. తాళం తీసి ఇంట్లో పెట్టుకోండి.

ఇక మన డెల్టా గాలి గురించి చెప్పాలి. ఇక్కడ చెమ్మ ఎక్కువ. కాలువ గట్టు పక్కన పాక, మీద మంచు, వానాకాలంలో చెప్పనే అక్కర్లేదు. రవ్వకి మొదటి శత్రువు చెమ్మే. మ్యాగ్నెటోకైనా, బ్యాటరీకైనా తేడా లేదు. వేల వోల్టుల కరెంటుకి సులువైన దారి కావాలి. ప్లగ్గు వైరు మీద, డిస్ట్రిబ్యూటరు మూత లోపల తడి ఉంటే ఆ తడి మీదుగా బాడీలోకి దిగిపోతుంది. మూత తీసి లోపల చూడండి. సన్నగా నల్లటి గీతలు కనపడితే కరెంటు అక్కడ దారి చేసుకుందని అర్థం. ఆ మూత మార్చాల్సిందే. గీతలు లేకుండా ఒట్టి తడే ఉంటే పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెడితే చాలు. దమ్ము చేసేటప్పుడు చక్రాల నుంచి ఎగిరే బురదనీళ్లు అక్కడ పడకుండా పాత ట్యూబు ముక్క అడ్డం కట్టుకోండి.

వరద మాట కూడా చెప్పాలి. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లు ఈ మాట వింటూ ఉంటారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లలో మునిగిన మ్యాగ్నెటో ఇంజనుని, నీళ్లు తీయగానే ఆత్రంగా తిప్పకండి. కాయిల్ తీగల మీది పూత తడిసి ఉంటుంది. ఆ తడిలో వేల వోల్టులు పుట్టిస్తే తీగకీ తీగకీ మధ్య రంధ్రం పడుతుంది. అప్పటిదాకా బాగున్న కాయిల్ అప్పుడు చస్తుంది. విప్పించి, మంచినీళ్లతో బురద కడిగి, నీడలో గాలికి, తర్వాత ఎండలో, కొన్ని రోజులు పూర్తిగా ఆరనివ్వండి. పొయ్యి మీద పెట్టకండి. మునిగిన బ్యాటరీ అయితే పైన కడిగి, లోపలికి బురదనీళ్లు పోయాయేమో చూపించుకోవాలి. పోయి ఉంటే దానిమీద ఆశ వదులుకోవడమే.

రవ్వ చూసే పద్ధతి చెబుతాను. ప్లగ్గు విప్పి, వైరు దానికే తగిలించి ఉంచి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజను మీద శుభ్రమైన చోట ఆనించండి. పెట్రోలు డబ్బా దూరంగా పెట్టండి. ఇంజను తిప్పితే ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. దానికి దూరంగా ప్లగ్గుని ఆనించండి. తడిచేతితో వైరు పట్టుకోకండి. ఇప్పుడు ఒకళ్లు తిప్పండి, ఒకళ్లు చూడండి. నీలంగా, చిటచిటమంటూ పడితే మంచి రవ్వ. పసుప్పచ్చగా, సన్నగా పడితే బలం లేనట్టు. వైరుని గాల్లో వేలాడదీసి మాత్రం తిప్పకండి. పోవడానికి దారి లేని వేల వోల్టులు కాయిల్ లోపలే పేలతాయి.

రవ్వ బలహీనంగా ఉంటే పాయింట్లు చూడండి. పాయింట్లు విడిపోయినప్పటి సందు పాత మ్యాగ్నెటోల్లో సుమారు 0.012 నుంచి 0.015 అంగుళాలు ఉంటుంది. కంపెనీ పుస్తకంలో ఏముంటే అదే ఖాయం. ఫీలర్ గేజ్ పెట్టి చూడండి, కంటి కొలత వద్దు. పాయింట్ల మీద ఎమరీ పేపరు రుద్దకండి. ఆ రేణువులు అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయి. సన్నటి ఆకురాయితో ఒకట్రెండు సార్లు లాగి, మధ్యలో తెల్లకాగితం పెట్టి తీస్తే చాలు. పాయింట్లు తరచూ నల్లగా మాడుతుంటే కండెన్సరు పోయిందని అనుమానించండి. ప్లగ్గు సందు కూడా మ్యాగ్నెటో ఇంజనుకి కాస్త తక్కువే పెట్టాలి. లేపేటప్పుడు దాని రవ్వ పలచన కదా, ఎక్కువ దూరం దూకలేదు.

చాలామంది ఒకటడుగుతారు. "పాత మ్యాగ్నెటో బండి ఉందండి, మెకానిక్కు దాన్ని పీకేసి బ్యాటరీ, కాయిల్ పెట్టేస్తానంటున్నాడు, పెట్టించమంటారా?" నా మాట సూటిగా చెబుతాను. బండి రోజూ నడుస్తుంటే, దానికి సెల్ఫ్, డైనమో ఉంటే, పెట్టించుకోండి. లేపడం తేలికవుతుంది. ఏడాదిలో కొద్ది రోజులే నడిచి మిగతా కాలం పాకలో ఉండే బండి అయితే వద్దు. కాలువలు కట్టినప్పటి నుంచి మళ్లీ వదిలేదాకా వాడని బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద గట్టి తెల్లపూత పడుతుంది. ఇక అది ఛార్జింగు పట్టదు. ప్రతి సీజనుకీ కొత్త బ్యాటరీ కొనాలి. మ్యాగ్నెటోకి ఆ బాధ లేదు. చెమ్మ తగలకుండా ఉంటే ఎన్ని నెలలున్నా దాని అయస్కాంతం అలాగే ఉంటుంది. ట్రాక్టర్లు చాలాకాలం మ్యాగ్నెటోని వదలకపోవడానికి కారణం ఇదే. ఊరికి దూరంగా, ఛార్జింగు షాపు లేనిచోట, చేలో నిలబడి బండి లేవాలి. దాన్ని మించిన అవసరం రైతుకి ఏముంది?

బ్యాటరీయే ఉన్నవాళ్లు ఈ వేసవిలో దాన్ని వైర్లు విప్పి పక్కన పెట్టండి. నెలకోసారి ఛార్జింగు చేయించండి. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి పోయండి, కుళాయి నీళ్లు వద్దు.

పాత లాడం ఆకారపు అయస్కాంతాలున్న మ్యాగ్నెటోని విప్పితే ఒక జాగ్రత్త. అయస్కాంతం తీయగానే దాని రెండు కాళ్లకీ అడ్డంగా ఒక ఇనుప ముక్క అంటించి పెట్టండి. లేకపోతే దాని బలం తగ్గుతుంది. కింద పడేయకండి, సుత్తితో కొట్టకండి. ఏళ్లు గడిచి బలం తగ్గిందనుకుంటే అయస్కాంతానికి మళ్లీ శక్తి ఎక్కించే పనివాళ్లు ఉంటారు. పెద్ద ఊళ్లలో మోటార్లు చుట్టే షెడ్లలో అడగండి.

చివరగా, మళ్లీ ఆ స్విచ్చి మాటే చెప్పి ముగిస్తాను. రెండుసార్లు చెప్పినా తప్పు లేదు. బ్యాటరీ స్విచ్చి తెంపుతుంది, మ్యాగ్నెటో స్విచ్చి కలుపుతుంది. ఇప్పటి స్ప్రేయర్లలో, గడ్డి కోసే మిషన్లలో పాయింట్లు లేవు, ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. అయినా ఆపే పద్ధతి అదే. బాడీకి కలిపే ఆపుతారు. ఆ వైరు తెగితే మిషను ఆగదు. కాబట్టి మ్యాగ్నెటో ఇంజనుకి తాళం లేదని, బ్యాటరీ లేదని, స్విచ్చి ఆఫ్‌లోనే ఉందని ధీమాగా చెయ్యి పెట్టకండి. ఇంజనుకి బెల్టు తగిలించి ఉంటే, ఆ బెల్టుని చేత్తో లాగినా లోపల అయస్కాంతం తిరుగుతుంది. వేడిగా ఉన్న ఇంజనులో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే ఒక్క పేలుడు చాలు. వేళ్లు బెల్టులో ఉంటాయి. బ్లేడుకి చుట్టుకున్న గడ్డి తీయాలన్నా, పంపులో ఇరుక్కున్న పీచు లాగాలన్నా, ముందు ప్లగ్గు మీది టోపీ పీకి పక్కకి పెట్టండి. ప్లగ్గుకి తగలని వైరుతో రవ్వ లోపలికి రాదు. కూలీకి వచ్చిన కుర్రాడికి కూడా ఈ పని నేర్పండి. వాడి చేతులూ మన చేతులే.

రేపు పొద్దున ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ప్లగ్గున్న ఇంజను ఏదున్నా లేపి, ఆడుతుండగా స్విచ్చి ఆఫ్ చేసి చూడండి. వెంటనే ఆగాలి. ఆగకపోయినా, కాసేపు తటపటాయించి ఆగినా, ఆ రోజు దాన్ని పనికి తీసుకెళ్లకండి. ముందు ఆ సన్న వైరు చూసుకోండి.